00_పిలుపులు

ఆగస్టు 5

చీరల కంపెనీవాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ అట్టపెట్టె అడుగున పడి ఉంది. ముందు పేజీలన్నీ ఖాళీ. వెనక్కి వెళ్ళి నింపే ఓపిక నాకు లేదు, ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఈరోజు విజయనగరం నుంచి దేవేంద్ర వచ్చాడు. కస్టమర్లకి మెసేజీలు పంపే సాఫ్ట్‌వేర్ మాకు పెట్టింది అతనే. షాపులు రెండూ వేరుపడ్డాయి గాని ఆ అకౌంటు మాత్రం డిసెంబర్ ఆఖరు దాకా ఒక్కటే. రాజాంలో బావగారూ, మా తోడికోడలు యమునక్కా, ఇక్కడ గరివిడిలో మేమూ, అందరం అందులోనే. అన్నదమ్ములు గోడ కట్టుకోవచ్చు గాని అకౌంటు మధ్యలో గోడ కట్టడం ఎవరికీ రాలేదు.

మా ఫోల్డర్లు చూసి దేవేంద్ర తల పట్టుకున్నాడు. "ఇదేటి మేడం? 'అసలుది', 'అసలైనది', 'ఇదే పంపాలి', 'ఇది కాదు'... వీటిలో ఏది పంపినారు?" అన్నాడు. నవ్వాపుకున్నాను. పంపింది 'ఇది కాదు' అన్నదే. యమునక్క దానికి పేరు మార్చడం మరిచిపోయింది.

కస్టమర్ల లిస్టు తెరిచాక ఇంకా బిత్తరపోయాడు. మా షాపులో కస్టమర్‌కి పేరుండదు, వరస ఉంటుంది. కౌంటర్ దగ్గర ఎలా పిలుస్తామో అక్క అలాగే ఎక్కించేది. పొందూరు బావ. బొద్దాం వదిన. గళ్ళ లుంగీ తాతయ్య. ఒక దసరాకి సాఫ్ట్‌వేర్ ఆ పేర్లనే పట్టుకుని అందరికీ మెసేజ్ కొట్టింది, 'ప్రియమైన పొందూరు బావ గారికి' అని. మర్నాడు ఆ బావ పెళ్ళాం ఫోను పట్టుకుని షాపుకొచ్చింది. "ఎవర్తే మా ఆయన్ని పిరియమైన బావంటన్నాది?" అని ఒకటే అరుపు. అక్క తొణకలేదు. "నేనే సెల్లీ. ఆయన బావయితే నువ్వు నాకు సెల్లివి కాదేటి? కూకో, టీ తాగు" అంది. ఆవిడ టీ తాగి, రెండు చీరలు కొనుక్కుని మరీ వెళ్ళింది.

ఇక మీదట అవన్నీ కుదరవట. ఫోల్డర్‌కి ఊరు, సంవత్సరం, నెల, పని, నెంబరు, మధ్యలో గీతలు. మనుషులకైతే శ్రీ, శ్రీమతి, పేరు, చివర గారు. నెంబర్లు 01 నుంచే మొదలవ్వాలి. 00 పెట్టకూడదు.

00 ఎందుకు పెట్టారని అడిగాడు. పైన కనబడాలని పెట్టామన్నాను. నిజం అది కాదు. 00 అంటే మేమిద్దరం పక్కపక్కన కూర్చుని చెయ్యాల్సిన పని. 00 ఉన్నదాన్ని ఒక్కతే ముట్టుకోకూడదు. మూడేళ్ళ కిందట అక్క పెట్టిన రూలు అది. అతనికి చెప్పాల్సిన పనేముంది?

ఆగస్టు 7

ఈయన మళ్ళీ గుర్తు చేశారు. "ఆ ఇంటికి ఫోను సేసినా, ఆ గడప తొక్కినా నా మీద ఒట్టే గౌరీ." నేను అడగలేదు, ఏడవలేదు, అన్నం వడ్డిస్తున్నాను. ఊరికే గుర్తు చేశారు.

అక్కడ బావగారు కూడా అక్క చేత ఒట్టు వేయించుకున్నారట. అన్నదమ్ములు ఇంకెందులోనూ కలవరు గాని ఇందులో కలిశారు.

ఆగస్టు 8

పంపకాల రోజు పెద్దమనుషుల ముందు బావగారన్న మాట చెవిలోనే ఉంది. "పిల్లల్లేనోళ్ళకి గరివిడి సాల్దేటి?" ఆయన అన్నందుకు కాదు. ఆయన నోరు ఎప్పుడూ అంతే. తలుపు పక్కన నిలబడ్డ యమునక్క తలెత్తలేదు. "అదేటి మాట?" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అక్క కూతురు బిందు నా కడుపున పుట్టకపోయినా నా పక్కలో పెరిగిందని ఆ ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు. పదో తరగతి దాకా నేను జడ వేస్తేనే బడికి వెళ్ళేది. వాళ్ళమ్మ దువ్వితే నొప్పి అనేది.

సామాన్లు సర్దుకుని వచ్చేశాను. అక్కకి చెప్పలేదు. బిందుకీ చెప్పలేదు.

నాకేం బాధ లేదు. షాపు బాగానే ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు జీతాలప్పుడు వస్తారు.

ఆగస్టు 12

పొద్దున సాఫ్ట్‌వేర్ తెరిస్తే రాజాం వైపు కొత్త ఫోల్డర్ ఒకటి కనబడింది.

రాజాం_2024_08_గౌరీ_తిన్నావా_01

లోపల ఏమీ లేదు. దేవేంద్ర చెప్పిన రూలు ఒక్కటీ తప్పలేదు. ఊరుంది, ఏడాది, నెల, పని, నెంబరు అన్నీ ఉన్నాయి.

నేనేం జవాబివ్వను.

ఆగస్టు 13

గరివిడి_2024_08_తిన్నాను_01

ఇచ్చాను. ఇది ఫోను కాదు, గడపా కాదు. ఒట్టు ఒట్టులాగే ఉంది.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. షాపు కిటకిట. 'రాజాం_2024_08_పూజ_అయ్యిందా_01'. అయ్యింది.

సెప్టెంబర్ 9

ఇప్పుడు రోజూ ఏదో ఒకటి ఉంటోంది. పొద్దున్నే షట్టర్ ఎత్తి, దేవుడికి దండం పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఈయన చూసి మురిసిపోతున్నారు. "యాపారం మీద శ్రద్ధంటే ఇదీ" అని నిన్న పక్క షాపు చినబాబుతో కూడా చెప్పారు.

దేవేంద్ర ఫోన్ చేశాడు. "మేడం, 'తలనొప్పి తగ్గిందా' అని క్యాంపెయిన్ ఒకటి కనబడతంది. అదేటండి?" మందుల షాపు వాళ్ళతో కలిసి ఏదో చేద్దామనుకున్నామని చెప్పాను. "ఐడియా బాగుందండి" అన్నాడు పాపం.

ఈరోజు అడిగేశాను. 'గరివిడి_2024_09_ఆరోజు_ఎందుకు_మాట్లాడలేదు_01'.

సెప్టెంబర్ 10

జవాబు లేదు.

సెప్టెంబర్ 11

అక్క నా ఫోల్డర్‌కే పేరు మార్చింది. 'గరివిడి_2024_09_నోరు_రాలేదు_01'. దాని కింద ఇంకొకటి పెట్టింది, 'నోరు_రాలేదు_02'. దాని కింద 03.

కళ్ళనీళ్ళు వచ్చాయి. లైనింగ్ క్లాత్ అడగడానికి వచ్చినావిడ ఏమైందని అడిగితే కొత్త చీరల గంజి పడదని చెప్పాను.

సెప్టెంబర్ 20

'రాజాం_2024_09_బిందుకి_సంబంధం_01'. '_సాలూరు_02'. '_అబ్బాయి_బ్యాంకు_03'. '_నీకు_నచ్చుతాడు_04'.

నాకు నచ్చుతాడట! చూడకుండానే నచ్చేశాడు.

సాయంత్రం బిందు ఫోన్ చేసింది. తెరమీద దాని పేరు వెలుగుతుంటే ఈయన ఎదురుగా కూర్చుని బిల్లులు చూస్తున్నారు. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి మోగలేదు. ఒక్కసారే ప్రయత్నించింది. ఎవరి పెంపకమో గాని పిల్లకి పౌరుషం ఎక్కువ.

అక్టోబర్ 3

నిశ్చయమైంది. డిసెంబర్ అయిదున లగ్నం. ఫోల్డర్ పేరులోనే తెలిసింది నాకు. నేను కూడా ఫోల్డర్ పేరులోనే అక్షింతలు వేశాను.

బావగారు తమ్ముణ్ణి పిలవనని శపథం పట్టారని చినబాబు చెప్పాడు. పిలవకపోతే పోయారు. మగవాళ్ళ పిలుపు వేరు, ఆడవాళ్ళ బొట్టు వేరు. అక్క వస్తుంది. కుంకుమ భరిణె పట్టుకుని ఆటో దిగుతుంది. నాకు బొట్టు పెట్టి, "రాయే" అంటుంది. నా ఒట్టు నా గడప మీద లేదు గదా, వాళ్ళ గడప మీద ఉంది. అక్క వేసిన ఒట్టయినా బొట్టుకి అడ్డు రాదు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే ఈయన కూడా కాదనలేరు. కాదంటే పాపం.

అక్టోబర్ 15

ఈరోజు సిరిమాను పండగ. ఏటా విజయనగరంలో పైడితల్లమ్మ గుడి దగ్గర జనంలో నేనూ అక్కా ఒకరి కొంగు ఒకరం ముడేసుకుని నిలబడేవాళ్ళం, తప్పిపోకుండా. పూజారిని ఎక్కించిన సిరిమాను మమ్మల్ని దాటి వెళ్ళేటప్పుడు అక్క అరటిపండు విసిరేది. ఒక్కటీ తగిలేది కాదు.

'చూశావా' అని పెట్టింది. 'చూడలేదు' అని పెట్టాను. 'నేనూ' అంది.

అక్టోబర్ 26

'రాజాం_2024_12_బిందు_పెళ్ళి'. అసలు ఫోల్డర్ వచ్చింది. ఈసారి లోపల లిస్టులున్నాయి. '01_బొట్టు_పెట్టి', '02_కార్డు', '03_మెసేజ్'.

తెరవకూడదనుకున్నాను. తెరిచాను.

01లో మా వాళ్ళందరూ ఉన్నారు. బొబ్బిలి అత్తయ్య, చీపురుపల్లి వదిన, పాలకొండ పిన్నిగారు, ఆవిడ కోడళ్ళు ముగ్గురూ. కిందిదాకా చూశాను. మళ్ళీ పై నుంచి చూశాను. వెతికే పెట్టెలో 'గౌరి' అని కొట్టాను, 'గరివిడి' అని కొట్టాను. 02లో లేను. 03లో కూడా లేను. గళ్ళ లుంగీ తాతయ్యకి కూడా మెసేజ్ ఉంది, పేరు మార్చి, శ్రీ సోములు గారు అని.

మరిచిపోయిందేమో. బోలెడు పనులు.

అక్టోబర్ 27

మరిచిపోలేదు. పాలకొండ పిన్నిగారి మూడో కోడలు గుర్తుంటే నేను గుర్తుండనా? ఆ ఫోల్డర్ మళ్ళీ తెరవను.

అక్టోబర్ 31

దీపావళి. 'గౌరీ_పెళ్ళి_ఫోల్డర్_చూశావా_01' అని ఉంది. చూశాను తల్లీ, బాగా చూశాను. జవాబివ్వలేదు.

నవంబర్ 2

దేవేంద్ర ఫోన్ చేశాడు. వచ్చే నెలాఖరుకి రెండు షాపులకీ రెండు కొత్త అకౌంట్లు చేస్తాడట. పాతవి అందులోకి మార్చేముందు చెత్త తీసెయ్యాలట. "ఖాళీవీ, 00తో మొదలయ్యేవీ అన్నీ తీసెయ్యండి మేడం. పోవు, ఆర్కైవ్‌లో పడతాయి. ఎవులు తీసినారో పేరుతో కనబడతాది, బయమేం నేదు" అన్నాడు. రాజాం మేడంకి కూడా చెప్పనా అంటే, అవసరం లేదు నేను చేస్తానన్నాను.

చేశాను. 00 అని వెతికి, అన్నీ ఒకేసారి టిక్ పెట్టి తీసేశాను. అవి ఎన్నో, ఏవో చూడలేదు. పేర్లు చదివితే చెయ్యలేనని తెలుసు. '00_శ్రావణం_ఇద్దరం', '00_బిందు_పుట్టినరోజు_ఆఫర్', అన్నీ పాతవే గదా. పాతవి ఉంచుకుని ఏం చేసుకోవాలి?

పని అయ్యాక తెర శుభ్రంగా ఉంది. టీ తెప్పించుకుని తాగాను. బాగానే ఉంది.

నవంబర్ 4

రాజాం వైపు కొత్తది ఏమీ లేదు.

నవంబర్ 8

ఏమీ లేదు.

నవంబర్ 11

నేనే మొదలుపెట్టాను. 'గరివిడి_2024_11_పనులు_ఎక్కువా_01'. సాయంత్రానికి ఎవరో తెరిచి చూసినట్టు తెరమీద గుర్తు పడింది. జవాబు రాలేదు.

నవంబర్ 12

'గరివిడి_2024_11_కోపమా_01'.

నవంబర్ 13

నాకు రావాల్సిన కోపం అక్కకి వచ్చినట్టుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అని ఊరికే అన్నారా! ఇక్కడ తోడికోడలు నవ్వడం కూడా లేదు. అసలు మొహమే కనబడటం లేదు.

నవంబర్ 19

ఒక కస్టమర్ ఫోను చూపించింది. "మీ బావగారింట పెళ్ళంట గదమ్మా, నాకూ వొచ్చినాది మెసేజ్. నువ్వెప్పుడు ఎల్తన్నావు?" 'శ్రీమతి ఝాన్సీలక్ష్మి గారికి' అని మొదలైంది. రూలు ప్రకారం ఉంది. బిందు పేరు బంగారు రంగులో ఉంది.

"ముందే వెళ్ళాలి గదమ్మా, ఇంటి పెళ్ళి" అన్నాను. నోరు బాగానే వచ్చింది నాకు.

ఆవిడ వెళ్ళాక ఈయన అటు తిరిగి తాన్లు సర్దడం మొదలుపెట్టారు. సర్దినవే సర్దారు.

నవంబర్ 28

పిలుపులు మొదలయ్యాయట. చీపురుపల్లి దాకా వచ్చి వెళ్ళింది అక్క. చీపురుపల్లి నుంచి గరివిడి ఎంత? ఆటో మాట్లాడుకుంటే మాట పూర్తయ్యేలోపు వచ్చేస్తాం.

ఈ వారమంతా రోజూ ఉతికిన చీర కట్టుకుంటున్నాను. పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టి ఉంచాను. అక్కకి ఇష్టమని పాకం గారెలు కూడా చేశాను. ఆటో ఆగిన చప్పుడైతే లేవకుండా కూర్చుంటాను. వెంటనే లేస్తే ఎదురుచూస్తున్నానని తెలిసిపోతుంది గదా.

గారెలు చినబాబు వాళ్ళ పిల్లలకి ఇచ్చాను.

డిసెంబర్ 5

షాపు తెరిచాం.

డిసెంబర్ 12

బొబ్బిలి నుంచి లక్ష్మణమ్మత్త వచ్చింది. ఈయనకి మేనత్త. పెళ్ళిలో పెట్టిన అరిసెలు సంచీలో పట్టుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"ఒసే గౌరీ, నీకు గుండె ఉన్నాదా, రాయి ఉన్నాదా? దాని పెళ్ళికి నువ్వు రాకపోడమేటే?"

పిలుపు లేని పేరంటానికి ఎలా వెళ్తానత్తా అన్నాను. కోపం ఆపుకోలేక కొంచెం గట్టిగానే అన్నాను. బొట్టు పెట్టి పిలవాల్సిన లిస్టులో నా పేరే లేదని కూడా అనేశాను.

 అత్త చాప మీద కూలబడింది.

"నీకు బొట్టెట్టి పిలవడమేటే? బొట్టు బయటోలికి. నువ్వు ఇంటి మనిసివి. పిలిసే మనిసివి నువ్వు. బొట్టెట్టడానికి ఒక్కత్తే ఎల్లకూడదు, ఇద్దరెల్లాల. ఆ రెండో దానివి నువ్వు గావేటి? యమున మా ఇంటికి ఒక్కత్తే ఒచ్చినాది. బరిణె పట్టుకోని గుమ్మంలో నిలబడ్డాది. రెండో మనిసేదే అని నాను అడిగితే కళ్ళు తుడుసుకున్నాది. 'గౌరి రాదత్తా. రమ్మని అడిగినాను. రానని తీసి పారేసినాది' అన్నాది. ఇంకోల్ని తీసుకెల్లవే, వొంటిగా బొట్టెడితే సుబం కాదు అంటే యిననేదు. ఊరూరూ ఒక్కత్తే తిరిగినాది, ఎవులేటన్నా పడ్డాది."

ఎప్పుడు అడిగింది, ఏం తీసి పారేశానన్నాను. "నాకేటి తెలుసు, కంపూటర్లో అన్నాది" అంది అత్త.

 బిందు జడ ఎవరు వేశారని మాత్రం అడగగలిగాను.

"బూటీపార్లర్ మనిసిని ఎట్టినారు. ఆ పిల్ల మొగం సూడలేకపోనాను. జడేస్తన్నంతసేపూ గుమ్మం కేసే సూసినాది."

డిసెంబర్ 13

ఆర్కైవ్ తెరిచాను. ఎన్ని తీసేశానో చూస్తే భయమేసింది. శ్రావణాలూ ఆషాఢాలూ, బిందు పుట్టినరోజులూ. అన్నిటికంటే పైన అది ఉంది.

00_పిలుపులు

బిందు పెళ్ళి ఫోల్డర్‌లో, 01 బొట్టు లిస్టుకి పైన పెట్టింది. దీపావళి రోజు పెట్టింది. అందుకే చూశావా అని అడిగింది. దేవేంద్ర రూలు తెలిసి కూడా 00 పెట్టింది, నాకు అర్థమవుతుందని. లోపల ఒక్క లిస్టు ఉంది, రెండే పేర్లు. యమున. గౌరి. వరసలు లేవు, గారూ లేదు.

బావగారు మమ్మల్ని పిలవనన్నారు. అక్క నన్ను పిలవక్కర్లేకుండా చేసింది. నేను పిలిచేవాళ్ళ వైపు ఉంటే ఇక ఒట్టేమిటి, శపథమేమిటి. చీపురుపల్లి దాకా వస్తే ఆటోలో నేనూ ఎక్కేదాన్ని.

దాని కింద సాఫ్ట్‌వేర్ రాసింది, 'తొలగించినవారు: గౌరి'. అక్క దాన్ని చదివింది.

ఈయనకి చెప్పాను. అంతా చెప్పాను, ఫోల్డర్లలో మాట్లాడుకున్న సంగతి కూడా. అరుస్తారనుకున్నాను. చాలాసేపు టేపుతో గుడ్డ తాను కొలిచారు, ఎవరూ అడక్కుండానే. తర్వాత, "ఒట్టు తీసి గట్టు మీద ఎట్టు. ఎల్లు" అన్నారు. "మా అన్న ఏటైనా అంటే పడు. నాకోసం పడినావనుకో" అన్నారు.

ఈ మాట పోయిన నెల అని ఉంటే! అడిగానా నేను? అడగలేదు.

డిసెంబర్ 15

రాజాం వెళ్ళాను.

బస్సు దిగి నడుస్తుంటే మాట కూడబలుక్కున్నాను. అక్క తిడుతుంది, నేను పడతాను. ఏడుస్తుంది, నేనూ ఏడుస్తాను. కొట్టినా సరే అనుకున్నాను. ఒకసారి పాలు పొంగిపోనిచ్చానని చెయ్యెత్తింది కూడా, పెళ్ళైన కొత్తలో.

ఇంటి ముందున్న షాపులో, అక్క కౌంటర్ దగ్గర ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో నన్ను చూసి అక్క ఎన్నడూ లేవలేదు. ఉన్నచోటినుంచే "ఒసే, ఆ బీరువా తాళమెక్కడెట్టినావు?" అని అరిచేది. ఇప్పుడు కుర్చీ లాగి, కొంగుతో తుడిచి, "కూర్సో" అంది. మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు కింద పళ్ళెం పెట్టి తెచ్చింది.

బావగారు లోపలికి వెళ్ళిపోయారు. 

"అక్కా, నేను చూడలేదు. నిజంగా చూడకుండానే తీసేశాను. 00 అని ఉన్నవన్నీ..." అన్నాను. 

"తెలుసులే గౌరీ" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "దేవేంద్ర మొన్న సెప్పినాడు, నువ్వు అన్నీ ఒక్కసారే తీసేసినావని. సూడకుండా తీసేసినావు. సూసి, కోపమొచ్చి తీసేసినా నాకు ఇంత బాదుండకపోను. కోపమైతే తగ్గుతాది గదా. నేను ఊరూరా ఒంటిగా తిరిగినాను, ఎక్కడో ఒకసోట ఎనకాల నుంచొస్తావని. నా బుర్రలో బుద్ది నేదు."

మరొకసారి ఎందుకు అడగలేదక్కా అన్నాను.

"నువ్వెందుకు అడగనేదు?" అంది.

నేను 'కోపమా' అని పెట్టాను గదా. పెట్టాను. పెళ్ళికి రానా అని పెట్టలేదు.

బిందు ఎలా ఉందన్నాను. సాలూరులో బాగానే ఉందట. పిన్ని వచ్చిందని చెప్తానంది. ఫోను కలిపి ఇస్తుందేమోనని ఆ చేతి వైపే చూశాను. ఫోను బల్ల మీదే ఉంది. కలపలేదు.

నేను లేచేసరికి, "ఉండు" అని లోపలికి వెళ్ళింది. కుంకుమ భరిణె తెచ్చింది. పళ్ళెంలో రవిక గుడ్డ, రెండు అరటిపళ్ళు, తమలపాకులు. నా గడ్డం పట్టుకుని బొట్టు పెట్టింది. చెయ్యి వెచ్చగానే ఉంది. వారమంతా ఉతికిన చీర కట్టుకుని ఈ బొట్టు కోసమే గదా కూర్చున్నాను. ఇప్పుడు పెడుతుంటే, వద్దక్కా, నాకు పెట్టకు, నేను బయటిదాన్ని కాదు అని అరవాలనిపించింది. నుదురు వంచి పెట్టించుకున్నాను. కొంగు పట్టి రవిక గుడ్డ తీసుకున్నాను.

గేటు దాకా వచ్చి సాగనంపింది. "జాగర్తగా ఎల్లు" అంది. ఇంటి మనిషిని గేటు దాకా ఎవరూ సాగనంపరు. నేను మలుపు తిరిగి చూస్తే అప్పటికే గేటు వేసేసింది.

బస్సులో ఏడిచాను. పక్కనావిడ నా నుదుటి బొట్టూ, చేతిలో పళ్ళూ చూసి, "పేరంటానికి ఎల్లొస్తన్నారా?" అని అడిగింది. ఔనన్నాను.

డిసెంబర్ 20

ఆర్కైవ్ నుంచి 00_పిలుపులు బయటికి తీశాను. ఉన్నచోటే పెట్టాను, 01కి పైన. అక్క చూస్తుందని కాదు.

డిసెంబర్ 24

అక్క చూసినట్టు తెరమీద గుర్తేమీ పడలేదు.

డిసెంబర్ 30

దేవేంద్ర వచ్చి మా కొత్త అకౌంటు తెరిచి ఇచ్చాడు. గరివిడివన్నీ ఇందులోకి వచ్చేశాయి. ఎంత నీటుగా ఉందో! రాజాం వాళ్ళది నిన్ననే అయిపోయిందట. 00వి రెండింట్లోకీ ఎక్కవట, పాతదాంతోపాటు పోతాయట. "అన్నీ రూలు పెకారం ఉన్నాయి మేడం. మీరిద్దరూ బాగా నేర్సుకున్నారు" అన్నాడు.

పాత అకౌంటు రేపటి దాకా ఉంటుంది. షాపు మూసేముందు ఒకసారి అందులోకి వెళ్ళాను. రాజాం వైపు మొదటి ఫోల్డర్ ఇంకా ఉంది. తిన్నావా.

జనవరి 1

ఈ డైరీలో ఆఖరు పేజీ అయిపోయింది, అట్ట వెనక రాస్తున్నాను.

పొద్దున్నే ఫోనుకి మెసేజ్ వచ్చింది. రాజాం షాపు కొత్త అకౌంటు నుంచి.

'శ్రీమతి గౌరి గారికి, నూతన సంవత్సర శుభాకాంక్షలు. మీ రాకకై ఎదురుచూస్తూ, యమున.'

కస్టమర్లందరికీ వెళ్ళి ఉంటుంది. నన్ను కూడా లిస్టులో ఎక్కించిందన్నమాట. పేరు సరిగ్గా ఉంది, ముందు శ్రీమతి ఉంది, చివర గారు ఉంది.

'మీ రాకకై ఎదురుచూస్తూ' అన్న మాట రాసింది నేనే. మూడేళ్ళ కిందట, మొదటి మెసేజ్‌కి. అక్క పక్కన కూర్చుని, "రాకకై ఏటే, సినిమాలాగ? రండి అను సాలు" అని నవ్వింది. నేను పట్టుబట్టి ఉంచాను.

మూడుసార్లు చదివాను. కింద జవాబు రాసే చోటు ఉంది. 'తిన్నావా అక్కా' అని కొట్టి పంపాను.

వెంటనే వచ్చింది జవాబు. 'మీ సందేశం అందింది. మా సిబ్బంది త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తారు.' అది కూడా నేను రాసిందే.